కోసిగి వేసవిలో రెండు చౌక సుఖాలు

కోసిగి ఎండాకాలానికి ముచ్చట్లేముంటాయి, మండే బండరాళ్లూ, ఖాళీ బిందెల వరసలూ తప్ప అని మన మిత్రులు నవ్వవచ్చు. అయినా మన తరం వారికి ఆ ఎండల్లోనే రెండు చౌక సుఖాలు దక్కాయి. ఒకటి పుస్తకం, రెండవది క్రికెట్టు. అవి మన పల్లెదాకా ఎలా వచ్చాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండూ రైలు దారినే వచ్చాయి. మద్రాసు నుంచి వచ్చిన ఇనుపదారీ, బొంబాయి నుంచి వచ్చిన ఇనుపదారీ 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆ మార్గంలో ఆదోనికీ తుంగభద్ర వంతెనకూ నడుమ ఉన్న స్టేషను మనది. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. అందుకే ఈ వైపు ఇళ్లలో తెలుగూ కన్నడమూ రెండూ నాలుక మీద ఆడతాయి. ఒకే గూట్లో రెండు లిపుల పుస్తకాలు కనబడినా ఎవరికీ వింత కాదు.

దక్షిణాది పెద్ద స్టేషన్లలో హిగ్గిన్‌బాథమ్స్ వారి పుస్తకాల కొట్లు ఉండేవి. ప్రయాణం చేసి వచ్చిన బంధువు సంచిలో మిఠాయి పొట్లం కంటే ముందు మేము వెతికింది చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక మా ఇంటికి వచ్చేసరికి నెల పాతదై ఉండేది. కథ పాతబడుతుందా? తర్వాత ఎమెస్కో వారి పాకెట్ పుస్తకాలు వచ్చాయి. మధ్యాహ్నం తలుపులు మూసి, నేల మీద నీళ్లు చల్లి, చల్లబడ్డ గచ్చు మీద బోర్లా పడుకొని చదివేవాళ్లం. పక్కన చెంబుతో మజ్జిగ, గిన్నెలో బొరుగులు. ఒక పుస్తకం ఆరు ఇళ్లు తిరిగి, అట్ట ఊడి, చివరి పుటలు లేకుండా తిరిగి వచ్చేది. ముగింపు ఏమిటో చదివినవాడే నోటితో చెప్పాలి.

కొనలేని వారికి పుస్తకం అందాలని మన పెద్దలు అంతకు చాలా ముందే తలచారు. 1914 ఏప్రిల్‌లో, అదీ మండు వేసవిలోనే, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ప్రాణం పోశారు. ఆ ఉద్యమానికి జీవితం ధారపోసిన మరో పెద్ద గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన కర్నూలు వారే. ఆ కృషి ఫలితమే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం.

ఇక క్రికెట్టు. మన దేశంలో రంజీ పోటీలూ, టెస్టులూ చలికాలపు ఆటలు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆటంతా వెస్టిండీసులోనో, ఇంగ్లండులోనో. కాబట్టి మాకు వేసవి క్రికెట్టు చూసే ఆట కాదు, చదివే ఆట. స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్ వారపత్రిక పాత సంచికలు 1968లో అది ఆగిపోయాక కూడా మా చేతుల్లో నలిగాయి. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారత్ తొలి టెస్టుకు నాయకత్వం వహించిన సి.కె.నాయుడు గారు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబీకుడని ఇలా చదివే తెలుసుకున్నాం. 1952 జూన్‌లో లీడ్స్‌లో ఒక్క పరుగూ చేయకుండానే మనవాళ్లు నలుగురు అవుటయ్యారని చదివి, జరిగి ఏళ్లు గడిచిన ఓటమికి దిగులు పడ్డాం.

1971 వేసవిలో గవాస్కర్ తన మొదటి సిరీస్‌లోనే, నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు. పేపరు రాగానే స్కోరు పట్టికను ముందు ఒకడు పైకి చదవాలి, మిగతావారు వేపచెట్టు కట్ట మీద కూర్చొని వినాలి. 1976 ఏప్రిల్ 12న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నాలుగో ఇన్నింగ్సులో నాలుగే వికెట్లకు 406 పరుగులు చేసి గెలిచినప్పుడు, ఆ పట్టికను ఎన్నిసార్లు చదివించుకున్నామో లెక్క లేదు. సాయంత్రం ఎండ తగ్గాక చెక్క పలకతో మా ఆట మొదలు. నల్లరేగడి బీటల్లో దూరిన బంతిని వెతకడానికే సగం పొద్దు పోయేది.

1983 జూన్ 25. నాయుడు గారు జట్టును దింపిన అదే లార్డ్స్, అదే తేదీ. మిద్దె మీద పడకలు వేసుకొని ట్రాన్సిస్టరు చుట్టూ చేరాం. మనది 183, వాళ్లది 140. నలభై మూడు పరుగుల తేడా. ఆ రాత్రి వీధిలో నిద్రపోయినవారు తక్కువ.

ఇప్పుడు వేసవి క్రికెట్టు మన ఇంట్లోకే వచ్చింది. ఐపీఎల్ 2008లో మొదలైంది. 2009లో దక్కన్ చార్జర్స్, 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిస్తే మనవలతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆటకు కొదవ లేదు. కొదవంతా చదువుకే.

మన మండలం నుంచి ఎన్నో కుటుంబాలు పత్తి ఏరడానికీ, మిరపకాయలు కోయడానికీ సుగ్గికి పోతాయని మీకు తెలియనిది కాదు. బడి మానేసి పిల్లలూ వెంట పోతారు. వాళ్లలో చాలామంది తిరిగి ఊరు చేరేది ఎండాకాలానికి. అప్పుడు బడికి సెలవులు. ఆ పిల్లలకు తలుపు తెరచి ఉండగలిగింది గ్రంథాలయం ఒక్కటే. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. అంటే అది మన సొమ్ముతో నడిచే ఇల్లు.

నా విన్నపం ఒక్కటే. సెలవుల్లో వారానికి రెండు పూటలు, మన పెన్షనర్లలో ఓపిక ఉన్నవారు దగ్గరి గ్రంథాలయానికి వెళ్లి, నలుగురు పిల్లలను కూర్చోబెట్టి చదివించండి. కథ మీద మనసు నిలవకపోతే ముందు రాత్రి ఆట స్కోరు పట్టికతోనే మొదలుపెట్టండి. మేము మొదలుపెట్టింది అక్కడే.