మౌనానికి రాజ్యాంగ రక్షణ: బిజో ఇమాన్యుయేల్ తీర్పు (1986) పునఃపరిశీలన

కేరళలోని ఒక ఉన్నత పాఠశాలలో పదవ, తొమ్మిదవ, ఐదవ తరగతులు చదువుతున్న ముగ్గురు తోబుట్టువులు ప్రతి ఉదయం ప్రార్థనా సమావేశంలో జాతీయగీతం ఆలపించే వేళ లేచి నిలబడేవారు. గొంతు మాత్రం కలిపేవారు కారు. వారు యెహోవా సాక్షులు. తమ దైవానికి తప్ప మరి దేనికీ స్తుతిరూపమైన ఆలాపన చేయరాదన్నది వారి విశ్వాసం. ఏళ్ల తరబడి దీనిని ఎవరూ తప్పుపట్టలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడి దృష్టికి ఈ విషయం రావడం, సభలో ప్రశ్న తలెత్తడం, విచారణ సంఘం ఏర్పడడం వరుసగా జరిగిపోయాయి. పిల్లలు క్రమశిక్షణ గలవారని, గీతం పట్ల అగౌరవమేదీ చూపలేదని ఆ సంఘమే నివేదించింది. అయినా విద్యాశాఖాధికారి ఆదేశంతో ప్రధానోపాధ్యాయురాలు జూలై 26న వారిని పాఠశాల నుండి తొలగించారు.

హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం, ఆపై ద్విసభ్య ధర్మాసనం వారి వినతిని తోసిపుచ్చాయి. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తొలగింపును రద్దుచేసింది. తీర్పు రాసినవారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, ధర్మాసనంలో రెండవవారు జస్టిస్ ఎం.ఎం. దత్. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి 1978లో సుప్రీంకోర్టుకు వెళ్లిన చిన్నపరెడ్డి తీర్పులలో సామాన్య పాఠకులకు కూడా తెలిసినది బహుశా ఇదే. అయితే తెలిసినదంతా దాని చివరి వాక్యాలే. మన సంప్రదాయం, తత్త్వచింతన, రాజ్యాంగం మూడూ సహనాన్నే ప్రబోధిస్తున్నాయన్న ఆ ముగింపును ఉదాహరించని వ్యాసం అరుదు. ఆ ముగింపు తీర్పు బలాన్ని చూపడానికి బదులు దానిని కప్పివేసిందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సహనం అధికసంఖ్యాకులు దయతో ఇచ్చేది. ఇచ్చినవారు తిరిగి తీసుకోనూవచ్చు. అంతకు ముందరి పుటలలో చిన్నపరెడ్డి చర్చించినది దయను గురించి కాదు, హక్కును గురించి.

ఈ చర్చకు అమెరికాలో ఒక పూర్వరంగం ఉంది. పాఠశాలలో పతాక వందనం చేయడానికి నిరాకరించిన యెహోవా సాక్షుల పిల్లల తొలగింపును 1940లో గోబైటిస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 8–1 ఆధిక్యంతో సమర్థించింది. జాతీయ సమైక్యత ముందు మతపరమైన మినహాయింపు నిలవదన్నది జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ వాదం. ఆ తీర్పు వెలువడిన వెంటనే పలుచోట్ల ఆ మతస్థులపై దాడులు జరిగాయి. మూడేళ్లకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో అదే న్యాయస్థానం 6–3 ఆధిక్యంతో తన మాటను తానే వెనక్కు తీసుకుంది. ఈ మలుపులో గమనించదగినది జస్టిస్ జాక్సన్ ఎంచుకున్న దారి. ఆయన మతస్వేచ్ఛను ప్రధాన ఆధారం చేసుకోలేదు. పౌరుని చేత నమ్మని మాటను బలవంతంగా పలికించే అధికారం ప్రభుత్వానికి ఉందా అని వాక్‌స్వాతంత్ర్యం వైపు నుండి ప్రశ్నించాడు. మతం పేరిట మినహాయింపు కోరితే వీగిపోయిన వాదం, అందరికీ చెందిన వాక్‌స్వేచ్ఛగా చెప్పినప్పుడు గెలిచింది.

చిన్నపరెడ్డి ఈ రెండు దారులనూ కలిపారు. మన రాజ్యాంగంలో 19(1)(ఎ) అధికరణ పౌరులకు భావప్రకటనా స్వేచ్ఛను, 25(1) అధికరణ వ్యక్తులందరికీ అంతరాత్మ స్వేచ్ఛను, మతావలంబన స్వేచ్ఛను ఇస్తున్నాయి. రెండింటికీ పరిమితులు ఉన్నాయి, కాని ఒకే తీరులో కాదు. మొదటిదానికి 19(2)లో పేర్కొన్న కారణాలపై, అదీ సహేతుకంగా, చట్టం ద్వారానే హద్దు గీయాలి. రెండవది శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి, ప్రాథమిక హక్కుల భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి ఉంటుంది.

ఇక్కడే తీర్పులోని కీలకమైన అడుగు పడింది. పిల్లలను తొలగించడానికి ఆధారం ఏమిటని చూస్తే, విద్యాశాఖ సంచాలకులు 1961లో, 1970లో జారీచేసిన రెండు సర్క్యులర్లు మాత్రమే కనిపించాయి. వాటికి శాసనబలం లేదు. పోలీసు శాఖ అంతర్గత నిబంధనలు ప్రాథమిక హక్కును పరిమితం చేయగల చట్టం కావని 1962లోనే ఖరక్ సింగ్ కేసు తేల్చింది. ఇక 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం శిక్షించేది గీతాలాపనను ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని, ఆలపిస్తున్న సమావేశానికి భంగం కలిగించడాన్ని. ఊరక నిలబడిన పిల్లలు ఈ రెండూ చేయలేదు. గీతాన్ని గౌరవించడం పౌరుని విధి అంటున్న 51ఎ అధికరణ మాటేమిటి? లేచి నిలబడడంలో ఆ గౌరవం ఉన్నదని న్యాయస్థానం అంగీకరించింది. పాడి తీరాలని శాసించే చట్టమే లేనప్పుడు పాడలేదన్న నేరం ఎక్కడిది?

(ఈ గీతాన్ని రవీంద్రుడు ఆంగ్లంలోకి అనువదించినది 1919లో మదనపల్లెలో, ఒక కళాశాల ఆవరణలో. అది విద్యార్థులు ఇష్టంతో చుట్టూ చేరి పాడిన పాట. 1950 జనవరి 24న అది జాతీయగీతమైంది.)

మరొక అడుగు మరింత దూరం వెళ్లింది. గీతంలో ఎవరి మతభావాలనూ నొప్పించే పదం ఒక్కటీ లేదని హైకోర్టు పదపదమూ పరిశీలించి చెప్పింది. అసలు ప్రశ్న అది కాదన్నారు చిన్నపరెడ్డి. ఆ విశ్వాసం న్యాయమూర్తి బుద్ధికి నచ్చిందా అన్నది అప్రస్తుతం; అది మతాచరణలో భాగంగా చిత్తశుద్ధితో నమ్ముతున్నదేనా అన్నదే చూడాలి. 1954లో శిరూరు మఠం కేసు నుండి మన న్యాయస్థానాలు ఒక ఆచారం ఆ మతానికి ‘అత్యావశ్యకమా’ అని పరీక్షిస్తూ వచ్చాయి. ఏది ఆవశ్యకమో ఆ మతసిద్ధాంతాలను బట్టే తేల్చాలని ఆ తీర్పు చెప్పింది. కాని 1961 నాటి దర్గా కమిటీ తీర్పు తర్వాత మూఢాచారాన్ని మతం నుండి వేరుచేసే పని న్యాయమూర్తి భుజాన పడింది. గ్రంథాలు తిరగేసి మతసారం నిర్ణయించే ఈ పద్ధతిలో అల్పసంఖ్యాకులలోనూ అల్పసంఖ్యాకుడైన వ్యక్తికి చోటు లేదు. అతని శాఖ గ్రంథంలో లేనిది, అతని అంతరాత్మలో ఉండవచ్చు. చిత్తశుద్ధిని కొలబద్దగా తీసుకున్న 1986 తీర్పు ఆ వ్యక్తికి నిలువనీడ ఇచ్చింది. చిత్తశుద్ధిని నిరూపించడం సులభం కాదన్న అభ్యంతరం సబబే. ఈ కేసులో ఏళ్ల తరబడి సాగిన నిరాడంబర ప్రవర్తనే సాక్ష్యమైంది. ప్రతి కేసులోనూ అలాంటి సాక్ష్యం దొరకదు.

ఆ దారి తర్వాత రాజమార్గం కాలేదు. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టే సినిమాహాళ్లలో ప్రదర్శనకు ముందు గీతం వినిపించాలని, ప్రేక్షకులు నిలబడాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈసారి శాసనం లేని ఆజ్ఞ న్యాయస్థానం నుండే వచ్చింది. గీతం వినిపించడం తప్పనిసరి కాదని 2018 జనవరి 9న సవరించింది. కర్ణాటక హిజాబ్ వివాదంలో హైకోర్టు మళ్లీ ‘అత్యావశ్యక’ పరీక్షనే పట్టుకుంది. 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. బిజో ఇమాన్యుయేల్ కేసు ఇక్కడ వర్తించదన్నారు జస్టిస్ హేమంత్ గుప్తా. నేరుగా వర్తిస్తుందని, హైకోర్టు అత్యావశ్యకత చర్చలోకి దిగడమే తప్పుదారి అని జస్టిస్ సుధాంశు ధూలియా రాశారు. తగిన ధర్మాసనం ఏర్పాటుకై వారు ఆ విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు. పాఠశాల గుమ్మం దగ్గర విద్యార్థి అంతరాత్మను ఏ కొలబద్దతో కొలవాలన్న ప్రశ్న, ముప్పైయారేళ్ల తర్వాత, అలా తిరిగి ధర్మాసనం ముందుకే చేరింది.