పరపతి సంఘములు

పరపతి సంఘమనగా, ఒక ఊరివారుగాని, ఒక చర్చి పరిధిలోనివారుగాని, ఒక కర్మాగారపు పనివారుగాని తమ పొదుపు సొమ్మును ఒకచోట కూడబెట్టి, ఆ సొమ్మునుండియే తమలో అవసరము గలవారికి మితమగు వడ్డీకి అప్పు లిచ్చుకొనుటకై ఏర్పరచుకొన్న సహకార సంస్థ. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దీనికి క్రెడిట్ యూనియన్ అని పేరు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున కెస్ పాపులేర్, అనగా ప్రజల ఖజానా, అందురు. మన దేశమున సహకార పరపతి సంఘమని వ్యవహారము. బ్యాంకునకును దీనికిని గల ముఖ్యభేదము యాజమాన్యమునందున్నది. బ్యాంకులో వాటాదారు వేరు, ఖాతాదారు వేరు. మొదటివాని లాభము రెండవవాడు చెల్లించు వడ్డీనుండియు రుసుములనుండియు రావలసియుండును. పరపతి సంఘములోనన్ననో సొమ్ము దాచుకొనువాడును, అప్పు తీయువాడును, యజమానియు ఒక్కడే. వాటా లెన్ని యున్నను సభ్యునకు ఓటు ఒక్కటే. ఈ సంఘములు ఖాతాదారులను, ఉద్యోగులను బ్యాంకులకంటె మెరుగుగా చూచునా యను ప్రశ్న వీని పుట్టుకతోనే పుట్టినది; ఏలయన, బ్యాంకు గడప త్రొక్క నోచుకొననివారి కొరకే యివి వెలసినవి.

ఈ భావమునకు జన్మభూమి జర్మనీ. 1846–47 శీతకాలమున కరవు వాటిల్లినపుడు, వాయర్‌బుష్ గ్రామమునకు మేయరుగా నుండిన ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ రైఫైజెన్ పేదలకు రొట్టె సమకూర్చుటకై ఒక సంఘమును స్థాపించి, దానము మనుజుని కాళ్లపై నిలువబెట్టజాలదని అనుభవముచే గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫున రైతులే సభ్యులుగా, ఒకరి అప్పునకు అందరును పూచీగా నుండు ఋణసంఘమును నెలకొల్పెను. అంతకుముందే, 1850లో, హెర్మన్ షుల్ట్సె తన జన్మస్థలమగు డెలిట్ష్ పట్టణమున చేతిపనివారికై ఇట్టి సంఘమును ప్రారంభించియుండెను. 1865లో లుయీజి లుజ్జాతి ఇటలీలోని మిలాను నగరమున ప్రజాబ్యాంకును స్థాపించెను.

ఉత్తర అమెరికాలో ఈ ఉద్యమమునకు మూలపురుషుడు ఆల్ఫోన్స్ డెజార్డెన్. ఈతడు ధనికుడు కాడు, బ్యాంకరు కాడు. ఒట్టావాలోని పార్లమెంటులో ఫ్రెంచి ఉపన్యాసములను వ్రాసికొను ఉద్యోగి. 1897లో ఒకనాడు వడ్డీవ్యాపారముపై చర్చ జరుగుచుండగా, మాంట్రియాలులో 150 డాలర్ల అప్పు తీసికొన్న ఒకనిపై వడ్డీక్రింద 5,000 డాలర్లు చెల్లింపవలెనని తీర్పు వచ్చిన వృత్తాంతమును ఒక సభ్యుడు సభకు వినిపించెను. చెవిబడిన మాటలను కాగితముపై నెక్కించుటయే పనియైన ఆ ఉద్యోగి మనస్సున ఆ యంకెలు నాటుకొనిపోయెను. నాటినుండి మూడేండ్లపాటు ఆతడు యూరపు సంఘముల చరిత్రలను, నిబంధనావళులను తెప్పించి చదువుచు, ప్రజాబ్యాంకులపై ప్రసిద్ధగ్రంథమును రచించిన హెన్రీ వుల్ఫుతో ఉత్తరప్రత్యుత్తరములు నడపుచు, తన యూరివారిని ఇంటికి పిలిచి నిబంధనలను ఒక్కొక్కటిగా చర్చించుచు గడపెను. రైఫైజెను పద్ధతిలోని చిన్న పరిధిని గ్రహించి, అపరిమిత బాధ్యతను విడిచిపెట్టుట ఆతని వివేకమునకు తార్కాణము: సభ్యునకు తన వాటా సొమ్మువరకే బాధ్యత, సంఘమునకు పరిధి ఒక పారిష్, అనగా ఒక చర్చిగంట వినబడునంత మేర.

క్విబెక్ నగరమునకు ఎదుట, సెయింట్ లారెన్సు నదికి ఆవలి యొడ్డుననున్న లెవీ పట్టణమున, 1900వ సంవత్సరము డిసెంబరు 6వ తేదీన మొదటి సంఘము స్థాపితమై, 1901 జనవరి 23వ తేదీన సొమ్ము స్వీకరింప మొదలిడెను. తొలి డిపాజిట్టు పది సెంట్లు. ఆనాటి వసూలు మొత్తము 26 డాలర్ల 40 సెంట్లు. వాటా వెల అయిదు డాలర్లే యైనను, దానిని చిన్నచిన్న వాయిదాలలో చెల్లించు వీలుండుటచే, రేవులో బరువులు మోయు కూలికిని సభ్యత్వము అందుబాటులో నుండెను. తొలి సంవత్సరములలో కార్యాలయము డెజార్డెను ఇల్లే. పార్లమెంటు సమావేశములకై భర్త ఒట్టావాలో నున్న మాసములలో, పెక్కుమంది బిడ్డల తల్లియైన డోరిమెన్, ఒకవంక పొయ్యిమీద వంట చూచుకొనుచు, మరొకవంక తలుపు తట్టినవారి పాసుపుస్తకములలో జమలు వ్రాయుచు, ఖాతాలను సరిచూచుచు సంఘమును నడిపెను. నాడు సంఘమును రక్షించు ప్రత్యేకశాసనము లేదు. నష్టము వచ్చినచో కుటుంబమంతయు వీథిని పడునను భయము ఆమెను వెన్నాడుచుండినను పుస్తకము మూయలేదు. ఆమె స్మృతి యెంతయు మాననీయము. 1906లో క్విబెక్ శాసనసభ ఈ సంఘములకు చట్టబద్ధత కల్పించెను. 1920లో మరణించునాటికి డెజార్డెను స్వయముగా నూటికి పైగా సంఘముల స్థాపనకు తోడ్పడియుండెను.

అచ్చటి దీపమునుండియే అమెరికా దీపము వెలిగింపబడెను. న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున మాంచెస్టరు పట్టణపు నూలుమిల్లులలో పనిచేయుచుండిన ఫ్రెంచి కెనడియను కూలీలకై, పియెర్ ఎవె అను మతాచార్యుని పూనికతో, డెజార్డెను సాయమున 1908లో సెయింట్ మేరీ సంఘము ఆరంభమయ్యెను. అమెరికాలో ఇదియే మొదటిది. మరుసటి యేట మసాచుసెట్సు రాష్ట్రము, బ్యాంకుల కమిషనరగు పియెర్ జే కృషిఫలితముగా, క్రెడిట్ యూనియన్లకై ఒక సమగ్రమగు చట్టము చేసెను.

ఈ చట్టమును బలపరచినవారిలో బోస్టను వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్ ముఖ్యుడు. ఈతని కథలో భారతదేశమునకు సంబంధించిన ఘట్ట మొకటి కలదు. 1907లో లోకయాత్ర చేయుచు ఈతడు వంగదేశమునకు రాగా, అచ్చటి సహకార సంఘములను చూచుచుండిన విలియం గుర్లే అను అధికారి ఆతనికి పల్లెలలోని పరపతి సంఘములను చూపించెను. వడ్డీవ్యాపారి చేత చిక్కిన రైతులు తమలో తాము పూచీపడి అప్పు లిచ్చుకొనుట కన్నులార చూచి, ఫైలీన్ స్వదేశమునకు మరలిన పిదప ఆ పద్ధతిని ఫిలిప్పీను దీవులలో ప్రవేశపెట్టుమని అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టునకు వ్రాసెను. జర్మనీనుండి భారతదేశమునకు వచ్చిన విత్తనము మరల భారతదేశమునుండియు అమెరికాకు చేరిన వైనమిది. 1921లో ఫైలీన్ తన ధనముతో ఒక ప్రచారసంస్థ నెలకొల్పి, న్యాయవాదియగు రాయ్ బెర్గెన్‌గ్రెనును దానికి నాయకునిగా నియమించెను. ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తిరుగుచు, శాసనసభ్యులను ఒప్పించుచు, కర్మాగారముల గుమ్మములలో నిలిచి పనివారిచేత సంఘములు పెట్టించుచు ఈతడు చేసిన శ్రమ అసాధారణమైనది. 1930–33 నడుమ దేశమున సుమారు 9,000 బ్యాంకులు మూతపడగా, ఈ చిన్న సంఘములలో కూలినవి మిక్కిలి తక్కువ. దీనితో ప్రభుత్వపు దృష్టి యిటు మరలెను. టెక్సాసు సెనేటరు మోరిస్ షెపర్డు ప్రతిపాదించిన ఫెడరల్ చట్టముపై అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1934 జూన్ 26వ తేదీన సంతకము చేసెను. ఒకే ఊరో ఒకే కర్మాగారమో అను సామాన్యబంధము గలవారికే సభ్యత్వము, నెలకు నూటికి ఒకటి మించని వడ్డీ అనునవి ఆ చట్టములోని ముఖ్యాంశములు. ఆగస్టులో కొలరాడోలోని ఎస్టెస్ పార్కున ప్రతినిధులు కూడి జాతీయ సమాఖ్య నేర్పరచుకొనిరి.

తరువాతి ముప్పదియైదేండ్లలో సంఘముల సంఖ్య పెరుగుచు పోయి 1969లో 23,800 దాటెను. 1970లో డిపాజిట్లకు ప్రభుత్వబీమా ఏర్పడెను. ఆపైన విలీనముల యుగము ప్రారంభమయ్యెను. నేడు సంఘములు అయిదువేలకు తక్కువ. సభ్యులు మాత్రము 13 కోట్లు మించిరి. 1998 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సామాన్యబంధమునకు సంకుచితార్థము చెప్పి బ్యాంకుల వాదమును అంగీకరింపగా, ఆరు నెలలు తిరుగకమునుపే కాంగ్రెసు క్రొత్త చట్టముచే ఆ బంధమును సడలించెను. సంఘములకు ఆదాయపు పన్ను లేకుండుట అన్యాయమని బ్యాంకుల ఫిర్యాదు. లాభము సభ్యులకే చేరుచున్నది గావున న్యాయమని సంఘముల సమాధానము.

ఖాతాదారుని దృష్టితో చూచినచో, కారు అప్పులకును క్రెడిట్ కార్డులకును ఈ సంఘముల వడ్డీ సాధారణముగా బ్యాంకులకంటె తక్కువ. డిపాజిట్లపై నిచ్చునది కొంత యెక్కువ. ఫెడరల్ సంఘములు వసూలు చేయదగు వడ్డీకి నూటికి 18 అను పరిమితి 1987నుండియు అమలులో నున్నది; బ్యాంకుల కార్డులకు అట్టి కట్టుబాటు లేదు. నిర్వాహకవర్గమువారికి జీతము లేకుండుటయు ఖర్చును తగ్గించును. అంతకంటె ముఖ్యమైనది, చిన్న సంఘములో అప్పు మంజూరు చేయువాడు అడుగువానిని ఎరిగియుండుట: కర్మాగారము మూతపడి రెండు వాయిదాలు తప్పినవాడు మోసగాడు కాడని, ఆ కర్మాగారములోనే పనిచేసిన కమిటీ సభ్యునకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఐనను ఈ గుణము సంఘమను పేరునుబట్టి వచ్చునది కాదు. 1933లో ఏడుగురు సభ్యులతో మొదలై, నేడు లోకములోనే పెద్దదిగా పెరిగిన నేవీ ఫెడరల్ సంఘము, వాయిదా తప్పిన సైనికులను వారి పై యధికారులకు తెలుపుదుమని బెదరించినదనియు, బాకీదారులు తమ ఖాతాలను కంప్యూటరు ద్వారా చూచుకొను వీలును నిలిపివేసినదనియు వినియోగదారుల రక్షణసంస్థ నిర్ణయింపగా, 2016లో ఆ సంఘము జరిమానాయు పరిహారమును కలిపి 2 కోట్ల 85 లక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. చర్చిగంట వినబడు మేరలో ఇట్టిది జరుగుట కష్టము.

ఉద్యోగుల విషయమున భేదము జీతమునకంటె పని స్వభావములో నెక్కువగా కానవచ్చును. అదే 2016లో వెల్స్ ఫార్గో బ్యాంకుపై 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానాలు పడెను. ఒక్కొక్క ఖాతాదారునకు ఎనిమిది సేవలు అంటగట్టవలెనను లక్ష్యము క్రింద నలిగిన క్రిందితరగతి ఉద్యోగులు, అడుగనివారి పేర లక్షలాది ఖాతాలు తెరచిరి. అయిదేండ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగములు కోల్పోయిరి. వాటాదారుని లాభమునకై పై నుండి దిగివచ్చు లక్ష్యము బల్లవద్ద కూర్చున్న గుమాస్తాను ఎట్లు వంచునో ఈ ఉదంతము తెలుపుచున్నది. వెలుపలి వాటాదారులు లేని సంఘములో ఆ ఒత్తిడికి మూలము లేదు. కాని చిన్న సంఘములో పై మెట్లు కొన్నియే. ఇద్దరు ముగ్గురు గుమాస్తాలున్నచోట ఎదుగుదలకు తావు తక్కువ. విలీనము జరిగినపుడు మొదట పోవునవి వారి కొలువులే.

మన దేశమున, మద్రాసు ప్రభుత్వము కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదిక రైఫైజెను మార్గమును సిఫారసు చేసెను. 1904లో చట్టము వచ్చినది. అదే సంవత్సరమున చెంగల్పట్టు జిల్లా తిరూరులో మద్రాసు రాజధానిలోని మొదటి సంఘము పుట్టెను. తెలుగువారిలో వేమవరపు రామదాసు పంతులు అఖిల భారత సహకార సంస్థల సంఘమునకు నాయకుడై ఉద్యమమునకు దారి చూపెను. ఐనను 1951–52 నాటి గ్రామీణ ఋణ పరిశీలనలో తేలిన దేమనగా, రైతు తెచ్చుకొన్న అప్పులో సహకార సంఘముల వంతు నూటికి 3.1, బ్యాంకులది 0.9, వడ్డీవ్యాపారులది సుమారు 70. బ్యాంకు ఊరికి రానేలేదు. సంఘము వచ్చియు చాలలేదు. 1956లో కరీంనగరు జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డి నాయకత్వమున వెలసిన గ్రామీణ సహకార బ్యాంకు, అప్పుతోపాటు ఎరువులు, విత్తనములు సమకూర్చుచు, పంట కొనుచు, సభ్యుల నమ్మకమును నిలుపుకొని నేటికిని ఆదర్శప్రాయముగా నున్నది. 1995లో ఆంధ్రప్రదేశము చేసిన పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము ప్రభుత్వజోక్యము లేని సంఘములకు త్రోవ తెరచినది. 2001 ప్రాంతమున హైదరాబాదులో కొన్ని పట్టణ సహకార బ్యాంకులు కూలి, చిన్న మొత్తములు దాచుకొన్నవారు వాని వాకిళ్ల యెదుట బారులు తీరిరి. అచ్చట సభ్యుడు పేరునకే యజమాని, పెత్తనము కొందరిది.

ఉద్యోగుల పరిస్థితి ఇచ్చట అమెరికాకు తలక్రిందుగా నున్నది. బ్యాంకులకును ఉద్యోగుల యూనియన్లకును నడుమ 1966లో మొదటిసారి కుదిరిన ద్వైపాక్షిక ఒప్పందముల పరంపరచే బ్యాంకు ఉద్యోగులకు దేశమంతట ఒకే జీతపు స్కేలు, నిర్ణీతమగు కరవుభత్యము లభించినవి. గ్రామ సహకార సంఘపు కార్యదర్శి జీతమన్ననో ఆ సంఘమునకు వడ్డీలోను, ఎరువుల అమ్మకములోను మిగిలిన కొద్దిపాటి కమీషనునుండియే రావలెను. అప్పులు వసూలు కాని యేడు, ఋణమాఫీ వచ్చునను ఆశతో రైతులు చెల్లింపులు నిలిపిన యేడు, ఆ జీతమును నిలిచిపోవును. తొలకరి పడినదినమున సంఘపు గోదాము ముందర రైతులు గుమిగూడినపుడు, ఎవరి చేను ఏ చెరువు క్రిందిదో, ఎవరి పాతబాకీ ఎంత నిలిచియున్నదో పుస్తకము తెరువకయే చెప్పగలిగి, పేరుపెట్టి పిలిచి యూరియా బస్తాలకు చీటీ వ్రాసి యిచ్చునది, నెలల తరబడి జీతము నిలిచిన ఆ కార్యదర్శియే.