చుట్టు తిరిగిన నోటుబుక్కు

ఉపాధ్యాయులు ఒకరి దగ్గర ఒకరు వృత్తి నేర్చుకోవటమనేది సెల్‌ఫోనుతోనే పుట్టిందన్న అభిప్రాయం ఒకటి ఈమధ్య బాగా ప్రచారంలో వుంది. సాధనమే సంబంధాలను పుట్టిస్తుందని నమ్మేవాళ్ళు చరిత్రను తలకిందులుగా చదువుతున్నారనటానికి ఒక ఫ్రెంచి పల్లెటూరి బడిపంతులు కథ చాలు. ఆ కథలోకి వెళ్ళేముందు నా సంగతి కాస్త చెప్పుకోవాలి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. తెలుగు పంతులుని గనక లైబ్రరీ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. లైబ్రరీ అంటే రెండు బీరువాలు, ఒక స్టాకు రిజిస్టరు, ఒక తాళంచెవి. పుస్తకం పోతే దాని ఖరీదు నా జీతంలో కోస్తారన్న భయంతో ఆ తాళంచెవిని ఏళ్ళ తరబడి జేబులోనే దాచుకున్నాను. పిల్లలకు పుస్తకం ఎలా అలవాటు చెయ్యాలో అడుగుదామంటే పక్క బడి పంతులూ నాలాంటివాడే. ఇప్పుడు నా ఫోనులో రెండొందల మంది టీచర్లున్న గ్రూపు వుంది. మొన్న అందులో ఒక కొత్త టీచరమ్మ అడిగింది: "మా లైబ్రరీలో పిల్లల చేతికి ఇవ్వదగ్గ పుస్తకాలు పది కూడా లేవు. మీరంతా ఏం చేస్తున్నారు?" ఆ ప్రశ్న కింద వరసగా ఏడు సర్క్యులర్లు, రెండు శుభోదయాలు, ఒక డి.ఎ. లెక్క వచ్చి పడ్డాయి. జవాబు మాత్రం రాలేదు.

సెలెస్తెన్ ఫ్రెనే 1896లో దక్షిణ ఫ్రాన్సులో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటా ఊపిరితిత్తిని చీల్చింది. 1920లో బార్-సుర్-లూ అనే కొండ గ్రామంలో టీచరుగా చేరేనాటికి, గొంతెత్తి గంటసేపు పాఠం చెప్పే శక్తి ఆయనకు లేదు. నోటితో చెప్పలేనివాడు మరో దారి వెతుక్కోవాలి గదా! 1924 ప్రాంతంలో చేత్తో నడిపే ఒక చిన్న అచ్చుయంత్రం కొన్నాడు. పిల్లలు తాము చూసిందీ, విన్నదీ రాస్తారు, వాటిలో ఒకదాన్ని అందరూ కలిసి ఎంచుకుంటారు, తప్పులు దిద్దుకుంటారు, సీసపు అక్షరాలు కూర్చి అచ్చొత్తుతారు. బడిలో అక్షరం ఉత్పత్తి చేసే సాధనం పిల్లల చేతికి రావటం ఇక్కడ ముఖ్యమైన విషయం.

అచ్చు వెయ్యగానే చదివేవాడు కావాలి. ఇది రచయితలకు వేరే చెప్పనక్కర్లేదు. దేశానికి మరో మూల, బ్రిటనీ సముద్రతీరంలో రెనె దానియెల్ అనే టీచరు కూడా అచ్చుయంత్రం పెట్టాడు. కొండ ఊరి పిల్లల కాగితాలు సముద్రపు ఒడ్డుకూ, చేపలు పట్టేవాళ్ళ పిల్లల కాగితాలు కొండకూ పోస్టులో ప్రయాణం చేశాయి. ఒక ఏడాదిలో ఇద్దరూ కలుపుకున్న మనుషులు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. 1920ల చివరికి అది ఒక సహకార సంఘమైంది. అక్షరాలు, సిరా, యంత్రం అన్నీ సంఘం ద్వారానే కొనుక్కునేవారు. డబ్బున్న ప్రచురణ సంస్థల పాఠ్యపుస్తకాలతో పేచీ కూడా అక్కడే మొదలైంది.

ఆ ఉద్యమంలో నన్ను అన్నిటికన్నా ఆకర్షించింది ఒక మామూలు నోటుబుక్కు. ఒక టీచరు తన తరగతిలో వచ్చిన చిక్కును అందులో రాసి పోస్టులో మరొకరికి పంపుతాడు. ఆయన తన అనుభవం చేర్చి మూడో వ్యక్తికి పంపుతాడు. జట్టంతా తిరిగి అది మొదటివాడి దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న కింద నాలుగైదు చేతిరాతల్లో జవాబులుంటాయి. మన ఊళ్ళలో కుర్రాళ్ళు నడిపిన లిఖిత పత్రికలు ఎరిగినవాళ్ళకి ఇది కొత్తగా తోచదు. అయితే లిఖిత పత్రికలో కవి, పాఠకుడు వేరు వేరు. ఇక్కడ అడిగేవాడే రేపు చెప్పేవాడు. చదివి ఊరుకునే హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే తను రాయకపోతే పుస్తకం ముందుకు కదలదు.

బడి గ్రంథాలయం సమస్యకూ ఇదే పద్ధతిలో జవాబు వెతికారు. తరగతిలో పెట్టుకోదగ్గ పుస్తకాలు లేవని సర్కారుకు అర్జీలు పెట్టి కూర్చోలేదు. 1932లో పని గ్రంథాలయం అనే అర్థమిచ్చే పేరుతో చిన్న చిన్న పుస్తకాల వరస ప్రారంభించారు. మొదటిది బళ్ళూ గుర్రపు బగ్గీల చరిత్ర. ఆ తర్వాత వందల సంచికలొచ్చాయి. టీచర్లే రాసేవారు, రాతప్రతి ముందు కొన్ని తరగతులకు వెళ్ళేది, పిల్లలు తమకు అర్థం కాని చోటు చెప్పేవారు, రచయిత తిరగరాసేవాడు. మన సంఘంలో ఎందరో పిల్లల కోసం రాశారు. నాతో సహా ఎవరం మన రాతప్రతిని పదేళ్ళ పిల్లల విమర్శకు పెట్టాం?

ఇలాంటి పనిని పాలకవర్గాలు ఊరికే వదలవు. ఫ్రెనే సెన్-పోల్ అనే ఊరికి మారాక, కలలో మేయరును చంపినట్టు ఒక పిల్లవాడు రాసిన చిన్న రచన పట్టుకుని 1932 డిసెంబరులో ఆయన మీద గోడపత్రికలు వెలిశాయి. మితవాద పత్రికలు దాన్ని జాతీయ సమస్య చేశాయి. 1933లో బడి ముందు గుంపులు చేరాయి, చివరికి ఆయన అక్కణ్ణించి వెళ్ళవలసివచ్చింది. 1935లో వాన్స్‌లో సొంతంగా బడి పెట్టుకున్నాడు. 1940లో ప్రభుత్వం ఆయన్ని నిర్బంధ శిబిరాలకు పంపింది. అయినా సంఘం చావలేదు, 1947లో కొత్త పేరుతో మళ్ళీ లేచింది.

వామపక్షం వైపు జరిగిన సంగతి కూడా దాచనక్కర్లేదు. 1950లో ఫ్రెంచి కమ్యూనిస్టు మేధావుల పత్రికలోనే ఫ్రెనే మీద కఠిన విమర్శ వచ్చింది. పిల్లవాడి సొంత ఊరూ, సొంత అనుభవమూ చుట్టూనే తిరిగితే శాస్త్రీయ విజ్ఞానం ఎప్పుడు నేర్పుతారని వాళ్ళ ప్రశ్న. ఆ ప్రశ్నలో కొంత నిజముంది. కాని వేలమంది టీచర్లు కూడగట్టుకున్న అనుభవాన్ని బల్ల ముందు కూర్చుని కొట్టిపారేసిన తీరు నాకు నచ్చదు.

1980లలో ఫ్రాన్సులో ఇంటింటికీ మినీటెల్ యంత్రాలు వచ్చినప్పుడు ఫ్రెనే ఉద్యమపు టీచర్లు వాటినీ వాడుకున్నారు. తరగతి నుంచి తరగతికి ఉత్తరాలు తెర మీద నడిచాయి. ఉత్తరం రాసుకునే అలవాటు అప్పటికే అరవయ్యేళ్ళది. తీగ దాన్ని వేగం చేసింది, అంతే.

మనకు ఇటువంటిది ఎన్నడూ లేదనటం పొరపాటు. 1980లలో బ్రిటన్ ఆర్థిక సహాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం నడిచింది. దాని కింద ఏర్పడ్డ ఉపాధ్యాయ కేంద్రాల్లో చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునేవారు. నా భార్య ప్రాథమిక పాఠశాల టీచరు, ఆ సమావేశాలకు వెళ్ళేది. ఏం మాట్లాడాలో పైనుంచి కాగితం వచ్చేదట. నిజమైన మాటలు మధ్యాహ్నం కారియర్లు విప్పినప్పుడు మొదలయ్యేవని చెప్పేది. అట్టముక్కలతో లెక్కలు చెప్పే కిటుకు ఆమె అక్కడే నేర్చుకుంది. ఎవరు నేర్పారో పేరు కూడా గుర్తులేదంటుంది.

2017లో కేంద్ర ప్రభుత్వం దీక్ష వేదికను ప్రారంభించింది. 2019లో మొదలైన నిష్ఠ శిక్షణ 2020లో ఆన్‌లైనుకు మారింది. అందులో పనికొచ్చే పాఠాలున్నాయి, కాదనను. కాని ఆ శిక్షణలో కోర్సు పైనుంచి దిగుతుంది, టీచరు పూర్తిచేస్తాడు, సర్టిఫికెట్ వస్తుంది. తన తరగతిలో ఆ పాఠం ఎక్కడ బెడిసికొట్టిందో ఆ టీచరు రాసే చోటు ఎక్కడ? మా ఫోను గ్రూపు కూడా చాలావరకు సర్క్యులర్లు దిగే మరో గొట్టమే అయింది. గ్రూపు ఎవడి కంపెనీ సొత్తో, అందులో రాసింది ఎవరి దగ్గర నిలవుంటుందో మేమెవరం అడగలేదు. ఫ్రెనే మిత్రులకు కనీసం నోటుబుక్కు తమది.

ఆ టీచరమ్మకు నాలుగు రోజుల తర్వాత నేనే రాశాను. తాళంచెవి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. చివరి రెండేళ్ళలో బీరువా తీసి తొమ్మిదో తరగతి పిల్లలకే రిజిస్టరు అప్పగించాననీ, పోయినవి పదకొండు పుస్తకాలనీ, ఆ డబ్బు నేనే కట్టాననీ చెప్పాను. ఆ రాత్రి ముగ్గురు జవాబిచ్చారు. ఒకాయన తన బడి పిల్లలు ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర సేకరించి కుట్టిన కథల పుస్తకం ఫోటో పెట్టాడు. తెల్లారేసరికి అవన్నీ శుభోదయాల కింద పడిపోయాయి. అందుకని వాటిని చేత్తో ఒక నోటుబుక్కులోకి ఎక్కించాను. చివర ఆరు పేజీలు ఖాళీగా వదిలి, ఆమె బడి చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపాను.