సిడ్ చిప్పు: మూలనాదము, అనుకరణము
1982లో అమెరికాలోని కమొడోర్ సంస్థ కమొడోర్ 64 అను గృహ కంప్యూటరును విడుదల చేసెను. దాని నాదమునకు మూలము బాబ్ యానెస్ రూపొందించిన ‘సిడ్’ అను 6581 సంఖ్య గల చిప్పు. అది ఏకకాలమున మూడు స్వరములను పలికి, వానిని ఫిల్టరుచే మృదువుగనో తీక్ష్ణముగనో మార్చును.

స్వరములు అంకెల లెక్కచే పుట్టును గాన సాఫ్టువేరు వానిని సులభముగ అనుకరింపగలదు. చిక్కంతయు ఫిల్టరునందే కలదు. అది అనలాగ్ పద్ధతిది. దాని గుణము చిప్పు చిప్పునకును భేదించును. రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే మున్నగు బ్రిటిష్ స్వరకర్తల కాలమున ఒక యంత్రముపై కూర్చిన పాట వేరొక యంత్రముపై వేరుగ వినబడుచుండెను.

మరియు 6581లో ధ్వనిస్థాయిని మార్చినపుడు ‘టక్కు’మను చప్పుడు వెడలును. ఇది నిర్మాణలోపము. స్వరకర్తలు దీనినే సాధనముగ గొని, రికార్డు చేసిన డ్రమ్ము మోతలను, మానవకంఠమును సయితము పలికించిరి. తరువాత వచ్చిన 8580 చిప్పులో ఆ లోపము చాలవరకు తొలగగా, ఆ ధ్వనులు మిక్కిలి క్షీణించెను.

కావున డాగ్ లెమ్ రచించిన ‘రీసిడ్’ వంటి సాఫ్టువేరు గుణమునే గాక దోషమును గూడ అనుకరింపవలసి వచ్చినది. తాళపత్ర ప్రతులలో పాఠభేదములున్నపుడు పరిష్కర్త తాను గ్రహించిన ప్రతిని పేర్కొనును. అట్లే అనుకర్తయు తాను ప్రమాణముగ గొన్న చిప్పును పేర్కొనవలెను. పాత చిప్పులు ఒక్కొక్కటే చెడిపోవుచున్నవి. ఆ వివరము లేనిచో భావితరములవారు తాము వినుచున్న నాదము ఎవరిదో ఎరుంగజాలరు.