దర్ద్ ఇచ్చే గవాహీ

అమ్మీకి మోకాళ్ల దర్ద్ ఏళ్ల నుంచీ ఉంది. మొన్న డాక్టర్ సాబ్ ఎక్స్‌రేని లైట్‌కి పట్టి చూసి, "ఇందులో అంత ఏం లేదమ్మా, ఇంత నొప్పి ఉండకూడదే" అన్నాడు. అమ్మీ అక్కడ ఏమీ మాట్లాడలేదు. ఆటోలో వస్తుంటే మాత్రం మెల్లగా అడిగింది: "నేనేమన్నా ఝూట్ చెప్తున్నానా బేటా?"

ఆ సవాల్ నన్ను నిద్రపోనివ్వలేదు. దర్ద్‌కి కూడా ఒక తారీఖ్ ఉంది కదా, అది ఏం చెప్తుందో చూద్దామని కూర్చున్నా.

వెయ్యేళ్ల కిందటి హకీమ్ ఇబ్న్ సీనా దగ్గర మొదలుపెడదాం. 1037లో కన్నుమూసిన ఆయన, తన వైద్య గ్రంథం 'అల్ ఖానూన్'లో దర్ద్‌ని 15 రకాలుగా విడదీశాడు. గుచ్చేది, తొలిచేది, బరువుగా ఉండేది, తిమ్మిరెక్కించేది... ఇలా. ఆయనకన్నా ముందున్న యూనానీ హకీమ్ జాలీనూస్ దర్ద్‌కి అసలు కారణం శరీరం ఎక్కడో తెగడమే అన్నాడు. ఇబ్న్ సీనా దాన్ని ఒప్పుకోలేదు. ఏమీ తెగకపోయినా, మిజాజ్ మారినా దర్ద్ పుడుతుందన్నాడు. అంటే మరీజ్ నోటి మాటని ఆయన చెవిపెట్టి విన్నాడన్నమాట.

తర్వాత యూరప్‌లో లెక్క మారింది. ఫ్రెంచ్ ఫల్సఫీ డెకార్ట్ చనిపోయాక, 1664లో ఫ్రెంచ్‌లో వెలువడిన ఆయన కితాబ్‌లో ఒక బొమ్మ ఉంది. నిప్పు కాలికి తగులుతుంది. తాడు లాగితే గంట మోగినట్టు, ఆ ఖబర్ నరం వెంట మెదడుకి చేరుతుంది. చూడ్డానికి సాఫ్‌గా ఉంది. కానీ దాని నుంచి ఒక ఖతర్నాక్ మాట పుట్టింది: గాయం ఎంతో దర్ద్ అంతే, గాయం కనపడకపోతే దర్ద్ లేనట్టే. అమ్మీ ఎక్స్‌రే చూసిన డాక్టర్ సాబ్ నోట ఆ రోజు పలికింది ఆ పాత గంటే.

ఆ లెక్క తప్పని జంగ్‌లోనే తేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ డాక్టర్ హెన్రీ బీచర్, ఘోరంగా గాయపడ్డ సిపాయిలని దర్ద్ తగ్గే దవా కావాలా అని అడిగాడు. ఎక్కువమంది వద్దన్నారు. 1946లో ఆయన ఈ సంగతి అచ్చువేశాడు. పెద్ద గాయం, చిన్న దర్ద్! 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ దీనికి ఒక జవాబ్ ఇచ్చారు. వెన్నుపాములో ఒక దర్వాజా లాంటిది ఉందన్నారు. కింది నుంచి వచ్చే ఖబర్‌ని అది కొంత ఆపుతుంది, కొంత వదులుతుంది. పై నుంచి మెదడు కూడా దాన్ని తెరుస్తుంది, మూస్తుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఎందుకుంటుందో కూడా దీంతో అర్థమైంది. వాళ్లు చెప్పిన వివరాలన్నీ నిలబడలేదుగానీ, ఆ అసలు మాట నిలబడింది.

ఇక నా దిల్‌ని పిండేసిన కిస్సా. ఉత్తర పాకిస్తాన్‌లో పదేళ్ల పిల్లోడు ఒకడు బజార్లలో తమాషా చేసేవాడు. చేతుల్లోంచి కత్తులు దూర్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. వాడికి దర్ద్ అంటేనే తెలియదు. పరిశోధకులు చూసేలోపే, పద్నాలుగేళ్ల ప్రాయం దగ్గర, ఒక ఇంటి కప్పు మీది నుంచి దూకి చనిపోయాడు. తర్వాత వాళ్లు దగ్గరి రిష్తాల్లో నికాహ్‌లు జరిగిన మూడు ఖాందాన్‌లలో అలాంటి ఆరుగురు పిల్లల్ని కలిశారు. స్పర్శ తెలుస్తుంది, వేడీ చల్లనా తెలుస్తాయి, అఖల్‌కి ఏ లోటూ లేదు. కానీ పసితనంలోనే పెదాలు, నాలుకలు తామే కొరుక్కున్నారు. ఇద్దరికైతే నాలుక కొస లేదు. ఎముకలు విరిగినా ఎవరికీ తెలిసేది కాదు.

కేంబ్రిడ్జ్‌కి చెందిన జెఫ్రీ వుడ్స్, ఆయన సాథీలు 2006లో కారణం చెప్పారు. ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువు పాడైంది. దర్ద్ ఖబర్ మోసే నరాల్లో సోడియం లోపలికి వెళ్లే ఒక దర్వాజాని ఆ జన్యువే తయారు చేస్తుంది. అదే జన్యువు ఇంకో రకంగా మారితే, గాయం లేకుండానే పాదాలు నిప్పుల్లా మండే మర్జ్ వస్తుందని అంతకు రెండేళ్ల ముందే తేలింది. వాళ్ల దర్ద్ ఏ ఎక్స్‌రేలోనూ కనపడదు. అయినా అది సచ్.

ఆ దర్వాజాని మూసే దవా కోసం కంపెనీలు పరుగెత్తాయి. అంత ఆసాన్ కాలేదు. 2015లో లండన్ పరిశోధకులు ఒక కారణం చూపించారు. ఆ దర్వాజా పుట్టుకతోనే లేనివాళ్ల శరీరం తనలోని సహజ అఫీమ్‌ని ఎక్కువగా తయారు చేస్తోంది. ఆ అఫీమ్‌ని అడ్డుకునే మందిస్తే, దర్ద్ ఎరగని ఒక ఔరత్‌కి జిందగీలో మొదటిసారి నొప్పి తెలిసింది. చివరికి పక్కనే ఉండే ఇంకో సోడియం దర్వాజాని మూసే సుజెట్రిజీన్ అనే గోలీకి 2025 జనవరి 30న అమెరికాలో ఇజాజత్ దొరికింది. అఫీమ్ జాతిది కాదు. అయితే అది ఆపరేషన్ తర్వాత వచ్చేలాంటి కొత్త దర్ద్‌కే. అమ్మీలా ఏళ్ల తరబడి మోసేవాళ్లకి ఇంకా కాదు.

మరి అమ్మీ సవాల్‌కి జవాబ్? అది గోలీలో లేదు, ఒక వాక్యంలో ఉంది. నొప్పిని పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో దర్ద్ అంటే ఏంటో మళ్లీ రాసుకుంది. తనకి నొప్పిగా ఉందని ఇన్సాన్ చెప్తే ఆ మాటకి ఇజ్జత్ ఇవ్వాలని అందులో చేర్చింది. ఇబ్న్ సీనా చెవిపెట్టి విన్న మాట దగ్గరికే ఇన్ని సదీలు తిరిగొచ్చాం.

దర్ద్ ఒక గవాహీ. ఆ పిల్లోడికి గవాహీ ఇచ్చేవాడే లేడు, ప్రాణం పోయింది. మా అమ్మీకి గవాహీ ఉంది, వినేవాళ్లు లేరు. పొద్దున లేచి ఆమె మోకాళ్లకి నూనె రాస్తూ చెప్పాను: "నువ్వు ఝూట్ చెప్పట్లేదు అమ్మీ." ఆమె నవ్వి, "ఇంకాస్త పైన రుద్దు బేటా" అంది.