వివాహం, మాతృత్వం, శాసనం: ‘మనోధర్మపరాగం’ నవలకు చారిత్రక నేపథ్యం

తెలుగు నవలలో వివాహం తొలినాళ్ల నుంచీ ప్రధాన వస్తువు. అధిక సంఖ్యాకమైన నవలల్లో మాతృత్వం వివాహానికి కొనసాగింపుగానే కనిపిస్తుంది. ఈ వరుస వర్తించని కుటుంబం దేవదాసీ కుటుంబం. అక్కడ తల్లి ఉంటుంది, బిడ్డ ఉంటుంది. లోకం అంగీకరించిన భర్త ఉండడు. ఆ కుటుంబాల స్త్రీల జీవితాన్నీ, వారి సంగీత నృత్యకళలనూ వస్తువుగా స్వీకరించిన నవల మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’. దీనికి 2022 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. నరేంద్ర పాకాల ప్రాంతపు సాహిత్య కుటుంబానికి చెందినవారు. ఆయన తండ్రి, ప్రసిద్ధ కథకుడు మధురాంతకం రాజారాం, పాకాల సమీపంలోని దామలచెరువులో ఉపాధ్యాయుడిగా జీవించారు. ఈ నవలకు వెనుక ఉన్న చరిత్రలో వివాహం, మాతృత్వం ఏయే అర్థాలు పొందాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

తిరుమల శాసనాల్లో ‘ఎంపెరుమానడియార్’ అనే పేరుతో ఆలయ స్త్రీల ప్రస్తావన ఉంది. దేవుని పేరిట తాళి కట్టించుకున్న స్త్రీ నిత్యసుమంగళి. ఆమెకు వైధవ్యం లేదు. బాల్యవివాహాలూ బాలవితంతువులూ సర్వసాధారణమైన కాలంలో ఇది చిన్న విషయం కాదు. ఆస్తి తల్లి నుంచి కుమార్తెకు సంక్రమించేది. అందువల్ల ఆ ఇళ్లలో ఆడపిల్ల పుట్టుక భారం కాదు, వంశానికి ఆధారం. బిడ్డలు లేనివారు ఆడపిల్లను దత్తత తీసుకునేవారు. ఈ దత్తతను బొంబాయి హైకోర్టు 1880లో నిరాకరించగా, మద్రాసు హైకోర్టు 1888లో అంగీకరించింది.

అయితే ఈ భద్రతకు మూల్యం ఉంది. కుమార్తె భవిష్యత్తు ఆమె సమ్మతికి ముందే నిర్ణయమయ్యేది. ఆలయసేవతో పాటు ధనికుల పోషణపై ఆధారపడటం కూడా తల్లి నుంచి బిడ్డకు సంక్రమించేది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 372, 373 సెక్షన్లు మైనరు బాలికలను వ్యభిచారానికి అప్పగించడాన్ని నేరంగా పరిగణించాయి. న్యాయస్థానాలు వీటిని దేవదాసీ దీక్షకూ వర్తింపజేయడంతో, కుమార్తెకు కులవిద్యను అప్పగించే తల్లి నేరస్థురాలయ్యే స్థితి ఏర్పడింది. ఇక్కడే మాతృత్వభయం కొత్త రూపం దాల్చింది. బిడ్డ బతుకుతుందా అన్నది తల్లులందరి భయం. తనలాగే బతుకుతుందా అన్నది ఈ తల్లి భయం.

ఈ భయాన్ని శాసనసభకు తీసుకువెళ్లిన వ్యక్తి డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి. ఆమె తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినవారు. 1912లో వైద్యపట్టా పొందిన ముత్తులక్ష్మి మద్రాసు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పనిచేశారు. మద్రాసు శాసనమండలి సభ్యురాలిగా ఆమె చేసిన కృషి ఫలితంగా 1929లో హిందూ దేవాదాయ చట్టానికి సవరణ వచ్చింది. దానితో ఆలయసేవకు ముడిపడిన ఇనాము భూములు ఆ బాధ్యత నుంచి విముక్తమై, అనుభవిస్తున్న స్త్రీలకే మిగిలే వీలు కలిగింది. దీక్షను పూర్తిగా నిషేధించే చట్టం 1947లో వచ్చింది. దీక్ష పొందిన స్త్రీ చట్టబద్ధ వివాహానికి అనర్హురాలు కాదని ఆ చట్టం స్పష్టం చేసింది. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక ఈ మార్పులు పాకాల ప్రాంతానికీ వర్తించాయి.

చట్టం బిడ్డను నిర్బంధం నుంచి కాపాడింది. ఆ మేలును తక్కువ చేయడం చరిత్రకు అన్యాయం. కానీ అది చూపిన మార్గం వివాహం ఒక్కటే. కుమార్తె ఆస్తికి వారసురాలైన ఇంటి నుంచి ఆమె ఆ హక్కు లేని ఇంటికి వెళ్లవలసి వచ్చింది. హిందూ స్త్రీకి తండ్రి ఆస్తిలో విస్తృతమైన వారసత్వ హక్కు 1956 చట్టంతో గాని రాలేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమభాగం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నాటి సవరణ వరకు ఆగింది. కళ విషయంలోనూ ఇదే జరిగింది. ఆలయంలో నిషిద్ధమైన నృత్యం సభావేదికపై గౌరవం పొందింది. తరతరాలుగా దాన్ని కాపాడిన తల్లుల పేర్లు మరుగున పడ్డాయి. కూతురికి గౌరవం దక్కాలంటే తల్లి తన విద్యను దాచుకోవలసిన పరిస్థితి వచ్చింది.

నరేంద్ర నవల పేరులోని ‘మనోధర్మం’ కర్ణాటక సంగీత పరిభాష. ఆలాపనలో, నెరవులో, కల్పనాస్వరంలో గాయకులు నియమానికి లోబడుతూనే చూపే స్వేచ్ఛను అది సూచిస్తుంది. పై చరిత్ర వెలుగులో ఈ పేరుకు మరో అర్థం స్ఫురిస్తుంది. ఆచారం ఆ స్త్రీలకు ఒక నియమాన్ని ఇచ్చింది, శాసనం మరొక నియమాన్ని ఇచ్చింది. రెండింటి మధ్య వారి ఇష్టానికి దక్కిన చోటు స్వల్పం. సంస్కరణ చరిత్ర శాసనసభా చర్చలను భద్రపరిచింది కాని, ఉయ్యాల పక్కన కూర్చున్న తల్లి సంశయాన్ని నమోదు చేయలేదు. ఆ లోటును పూరించగల సాధనం నవల. చరిత్ర పరిశోధకులు ‘మనోధర్మపరాగం’ వంటి రచనలను పరిశీలించవలసిన అవసరం ఇందుకే ఉంది.