అంతియొకయ నగరము

క్రీస్తుమతము యూదయ దేశమున పుట్టెను. సర్వజనులకును చెందిన మతముగా అది రూపొందినది మాత్రము అంతియొకయ నగరమున. అలెగ్జాండరు సేనానులలో నొకడైన సెల్యూకస్ క్రీ.పూ. 300లో ఒరాంటిస్ నదీతీరమున ఈ నగరమును నిర్మించెను. రోము, అలెగ్జాండ్రియాల తరువాత సామ్రాజ్యమున దీనినే మహానగరముగా ఎన్నుచుండిరి. గ్రీకులు, సిరియనులు, యూదులు ఇచ్చట ఇరుగుపొరుగున వసించుచుండిరి.

యెరూషలేములో స్తెఫను వధింపబడిన పిమ్మట చెదరిపోయిన శిష్యులు కొందరు ఇచ్చటికి చేరి, యూదులకే గాక గ్రీకులకును బోధింపసాగిరి. బర్నబా తార్సునుండి పౌలును తోడ్కొనివచ్చెను. ఇరువురును ఏడాదికాలము బోధించిరి. శిష్యులకు క్రైస్తవులను పేరు మొదట ఇచ్చటనే కలిగినదని అపొస్తలుల కార్యములు తెలుపుచున్నది. వారిరువురిని తొలి ప్రచారయాత్రకు పంపినదియు ఈ సంఘమే. సమీపమునందలి సెలూకయ రేవున ఓడయెక్కి వారు సైప్రస్ ద్వీపమునకు తరలిరి.

అయితే ఒక చిక్కు ప్రశ్న తలయెత్తెను. యూదులు కానివారు సున్నతి పొందవలెనా? వారితో యూదుడు సహపంక్తిని భుజింపవచ్చునా? యెరూషలేమునుండి కొందరు రాగానే పేతురు ఆ పంక్తిని విడిచి తొలగెను. పౌలు అందరి యెదుట ఆయనను నిలదీసెను. సున్నతిని గూర్చిన వివాదము యెరూషలేము సభకెక్కెను. సుమారు క్రీ.శ. 49లో ఆ సభ అన్యజనులకు సున్నతి అవసరము లేదని నిర్ణయించెను.

ఆ నగరమే నేడు టర్కీలోని అంతాక్యా. 2023 ఫిబ్రవరి 6 నాటి భూకంపమున అది ఘోరముగా ధ్వంసమైనది. ఆ యూర పుట్టిన పేరు మాత్రము లోకమంతటను నిలిచియున్నది. ఆ పేరుతోపాటు అచ్చటి పంక్తిలో తలయెత్తిన ప్రశ్నయు గుర్తుంచుకొనదగినది.